గాయపడ్డ మెదడుకు మరో దారి

అతనికి 23 ఏళ్లు. మీలో చాలామంది వయసే. చదువు కూడా మీలో చాలామంది లాగే ఇంజినీరింగ్. కోర్సు పూర్తికాకముందే యుద్ధం వచ్చిపడింది. సోవియట్ సైన్యంలో చిన్న ఆఫీసర్‌గా వెళ్లాడు. 1943 మార్చిలో స్మొలెన్‌స్క్ ప్రాంతంలో జర్మన్లతో జరిగిన పోరులో ఒక తూటా అతని పుర్రెను చీల్చుకుని మెదడు ఎడమవైపు వెనక భాగంలోకి దూరింది.

బతికాడు. కానీ స్పృహ వచ్చాక చూస్తే లోకం ముక్కలుముక్కలుగా ఉంది. కుడివైపు ఉన్నదేదీ కనిపించదు. తన చెయ్యి ఎక్కడుందో, కాలు ఎక్కడుందో వెతుక్కోవాలి. కూర్చున్నవాడికి ఉన్నట్టుండి తల బల్లంత పెద్దదైపోయినట్టు, ఒళ్లంతా చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది. పేపర్ చేతికిస్తే అది ఏదో పరాయి భాషలా ఉంది. నిన్నటి దాకా యంత్రాల డ్రాయింగులు చదివినవాడు ఇప్పుడు ఒక్క అక్షరం గుర్తుపట్టలేడు. వస్తువు ఏంటో తెలుస్తుంది, పేరు మాత్రం నోటికి రాదు. అతని పేరు జసెత్‌స్కీ.

అదే ఏడాది మే నెలాఖరులో అతన్ని ఉరల్ పర్వతాల దక్షిణ కొసన ఉన్న ఒక ఆస్పత్రికి తీసుకొచ్చారు. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒక డాక్టరు ఎదురుగా కూర్చుని పెన్సిలూ కాగితమూ పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇది చదవగలవా, అది రాయగలవా, కుడిచెయ్యి ఏది, ఈ నెల తర్వాత ఏ నెల? మన దగ్గర ఇప్పుడు తలకు దెబ్బ తగిలితే ముందు చేసేది స్కాన్. అప్పటికి సీటీ స్కాన్ పుట్టడానికి ఇంకా దాదాపు 30 ఏళ్లు ఉంది. బతికున్న మనిషి మెదడులో ఏ భాగం పాడైంది, ఏ భాగం బాగుంది అని తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఉన్న ముఖ్యమైన పరికరం ప్రశ్నలే.

ఆ డాక్టరు అలెగ్జాండర్ రొమానోవిచ్ లూరియా. సైకాలజిస్టు. తర్వాత మెడిసిన్ కూడా చదివాడు. మెదడు గాయపడినవాళ్లకు పోయిన మాటని, రాతని, ఆలోచనని తిరిగి ఎలా తెప్పించాలన్నదాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాళ్లలో ముందు వరసలో చెప్పుకోవాల్సిన పేరు. ఇవాళ న్యూరోసైకాలజీ అని మనం పిలిచే సబ్జెక్టుకు పునాది వేసినవాళ్లలో ఒకడు. సైకాలజీ చదివినవాళ్లకు ఆయన పేరు కొట్టినపిండి. మన బీటెక్ వాళ్లకే పెద్దగా తెలియదు. అందుకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది.

సబ్బు ఫ్యాక్టరీ కాగితం

లూరియా 1902లో వోల్గా ఒడ్డున కజాన్‌లో పుట్టాడు. యూదు కుటుంబం. నాన్న ఊళ్లో పేరున్న వైద్యుడు, అమ్మ డెంటిస్టు. కొడుకు డాక్టర్ కావాలన్నది నాన్న పట్టు. కొడుక్కేమో సైకాలజీ మీద మోజు. ఈ పంచాయితీ మీ ఇళ్లలో కూడా జరిగే ఉంటుంది, సబ్జెక్టు పేర్లే వేరు. నాన్న మాట కాదనలేక కొన్నాళ్లు మెడిసిన్ తరగతులకూ వెళ్లాడు, కానీ మధ్యలో వదిలేశాడు.

విప్లవం వచ్చిన మరుసటి ఏడాది, 16 ఏళ్లకే యూనివర్సిటీలో అడుగుపెట్టాడు. 1921లో డిగ్రీ చేతికొచ్చింది. అవి దేశంలో తిండికీ, కాగితానికీ కూడా కరవున్న రోజులు. అలాంటప్పుడు కుర్రాడు ఒక జర్నల్ పెట్టాలనుకున్నాడు. కాగితం దొరకదు. సబ్బుల ఫ్యాక్టరీకి వెళ్లి అక్కడ వాడే పసుపుపచ్చ కాగితం కట్టలు సంపాదించి దాని మీదే అచ్చేయించాడు. ఇంకో పని కూడా చేశాడు. కజాన్‌లో ఒక చిన్న సైకోఎనాలిసిస్ సంఘం పెట్టి, ఆ సంగతి చెబుతూ వియన్నాలో ఉన్న ఫ్రాయిడ్‌కు ఉత్తరం రాశాడు. ఫ్రాయిడ్ జవాబిచ్చాడు. ఇరవై ఏళ్ల కుర్రాణ్ని ప్రెసిడెంట్ గారూ అని సంబోధిస్తూ. ఫ్రాయిడ్‌కు ఈ ప్రెసిడెంట్ వయసెంతో తెలియదు కదా!

1923లో మాస్కో నుంచి పిలుపొచ్చింది. అక్కడి సైకాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగం. లూరియా మొదలుపెట్టిన ప్రయోగం చాలా సింపుల్. మీకు ఒక మాట చెబుతారు. మీ నోటికి మొదట వచ్చిన మాట మీరు చెప్పాలి, అదే క్షణంలో చేతిలోని రబ్బరు బల్బును నొక్కాలి. మనసులో అలజడి లేకపోతే నొక్కుడు సాఫీగా గీత గీస్తుంది. ఉంటే వణుకు గీతలోకి వచ్చేస్తుంది. పోలీసు అనుమానితుల మీద దీన్ని వాడి చూశాడు. లై డిటెక్టర్ చరిత్ర రాసేవాళ్లు ఈ పనిని తప్పకుండా ప్రస్తావిస్తారు. విద్యార్థుల మీదా చేశాడు. ఎలాంటి విద్యార్థులు? యూనివర్సిటీలో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపేయాలి అని తేల్చే కమిటీ ముందుకు వెళ్లడానికి వరసలో నిలబడ్డవాళ్లు. ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చున్నప్పుడు మీ చేతులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. అక్కడ పోయేది ఒక ఆఫర్ లెటర్ కాదు, మొత్తం చదువు. ఈ పనంతా 1932లో న్యూయార్క్‌లో ఇంగ్లిష్ పుస్తకంగా వచ్చింది. సొంత దేశంలో రాలేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

1924లో ఒక సభలో లెవ్ వైగోట్‌స్కీ ప్రసంగం విన్నాడు. చిన్న పట్టణం నుంచి వచ్చిన, ఎవరికీ పెద్దగా తెలియని టీచరు. లూరియా పట్టుబట్టి అతన్ని మాస్కోకు రప్పించాడు. అక్కడ నుంచి లూరియా పనంతా వైగోట్‌స్కీ ఆలోచన నీడలోనే సాగింది. ఆ ఆలోచన ఇది: మనిషి బుర్రలో జరిగే పెద్ద పనులు ముందు బయట జరుగుతాయి, తర్వాత లోపలికి వెళ్తాయి. పిల్లలు ముందు వేళ్ల మీద లెక్కపెడతారు, తర్వాత మనసులో. ముందు పైకి చదువుతారు, తర్వాత లోలోపల. ఇది గుర్తుపెట్టుకోండి, ఆస్పత్రి దగ్గర పనికొస్తుంది.

రీజనింగ్ సెక్షన్ రాయని రైతులు

1931, 32 ఏళ్లలో లూరియా బృందం ఉజ్బెకిస్తాన్ వెళ్లింది. చదువు రాని రైతులు ఎలా ఆలోచిస్తారో చూడాలని. మీరు ప్లేస్‌మెంట్ పరీక్షల్లో చేసే సిలాజిజం లెక్కలే వాళ్లనూ అడిగారు. మంచు ఉండే ఉత్తరాదిలో ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. ఫలానా దీవి ఉత్తరాదిలో ఉంది. అక్కడి ఎలుగులు ఏ రంగు? రైతులు చెప్పింది స్థూలంగా ఒకటే. మేం అక్కడికి వెళ్లలేదు, చూడనిదాని గురించి మాట్లాడం, వెళ్లొచ్చినవాళ్లనే అడగండి. కొద్దిపాటి బడి చదువు వచ్చిన వాళ్ల ఊరివాళ్లే ఠక్కున తెలుపు అని చెప్పారు.

ఈ పనిని ఇవాళ విమర్శించేవాళ్లు ఉన్నారు. ఊరి ఆలోచనను తక్కువ మెట్టు మీద పెట్టాడని. ఆ విమర్శలో నిజం ఉందనే నేను అనుకుంటాను. చూడనిదాని గురించి మాట్లాడనన్న రైతుది తెలివితక్కువ ఏం కాదు. కానీ లూరియా పట్టుకున్న అసలు విషయం చెక్కుచెదరలేదు: రీజనింగ్ అని మనం మురిసిపోయేది పుట్టుకతో వచ్చిన ఐక్యూ కాదు, బడి నేర్పిన అలవాటు కూడా. సోవియట్ అధికారులకు మాత్రం ఈ ఫలితాలు నచ్చలేదు. సొంత జనాన్ని అవమానిస్తున్నారన్నారు. పుస్తకంగా అచ్చవడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1934లో వైగోట్‌స్కీ క్షయతో చనిపోయాడు, 37 ఏళ్లకే. 1936లో పిల్లల మీద మానసిక పరీక్షలు చేసే రంగాన్నే ప్రభుత్వం నిషేధించింది. వైగోట్‌స్కీ పుస్తకాలు మూలన పడ్డాయి. లూరియా కవల పిల్లల మీద పరిశోధన చేస్తున్న ఇన్‌స్టిట్యూట్‌ను మూసేశారు. దాని డైరెక్టర్‌ను 1938లో కాల్చి చంపారు. అది స్టాలిన్ కాలం.

లూరియా ఏం చేశాడు? అప్పటికే ప్రొఫెసరు, విదేశాల్లో పుస్తకం అచ్చయినవాడు. తనకంటే పదేళ్లకు పైగా చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని, వదిలేసిన మెడిసిన్ పూర్తిచేశాడు. 1937లో పట్టా. ఆ వెంటనే మాస్కోలో బుర్దెంకో అనే పెద్ద సర్జన్ నడిపే న్యూరోసర్జరీ ఇన్‌స్టిట్యూట్‌లో మామూలు జూనియర్ డాక్టర్‌గా చేరాడు. ఆ రెండేళ్లు తన జీవితంలో ఎంతో ఫలవంతమైనవని తర్వాత రాసుకున్నాడు. నాన్న మాట చివరికి ఇలా నెగ్గింది. భయపడి రంగం మార్చాడని అనొచ్చు. నిజమే కావచ్చు. అయితే మార్చిన చోటుకి పాత సరుకంతా మోసుకెళ్లాడు.

యుద్ధం మొదలయ్యాక ఆ సరుకు అక్కరకొచ్చింది. తలకు తూటాలు, గుండు ముక్కలు తగిలినవాళ్లు వేలల్లో వస్తున్నారు. అంతా కుర్రవాళ్లు. సర్జన్లు ప్రాణం నిలబెడుతున్నారు. ఆ తర్వాత? మాట్లాడలేని, చదవలేని, చెప్పింది పట్టుకోలేని మనిషి ఇంటికి వెళ్లి ఏం చెయ్యాలి? లూరియాకు అప్పగించింది ఈ పనే. చెల్యాబిన్‌స్క్ దగ్గర కిసెగచ్ అనే చోట ఉన్న 400 పడకల శానిటోరియాన్ని మెదడు గాయాల పునరావాస ఆస్పత్రిగా మార్చారు. మాస్కో నుంచి వచ్చిన సహచరులతో కలిసి మూడేళ్లు అక్కడే పనిచేశాడు.

నేల మీద కాగితాలు

ఆస్పత్రిలో ఏం చేశాడో చెప్పాలంటే ముందు పాత ఘటన ఒకటి చెప్పాలి. యుద్ధానికి చాలా ముందు వైగోట్‌స్కీతో కలిసి పార్కిన్సన్స్ రోగులను చూస్తున్నప్పటిది. చదునైన నేల మీద రెండడుగులు వెయ్యలేక బిగుసుకుపోయే రోగి, మెట్లు మాత్రం ఎక్కేస్తున్నాడు. విచిత్రం కదా? మామూలు నడక దానంతటదే సాగే పని. దాన్ని నడిపించేది మెదడు లోపలి భాగాలు. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేవి అవే. మెట్లు ఎక్కడం అలా కాదు. ప్రతి మెట్టూ కంటికి ఒక ప్రశ్న, ప్రతి అడుగూ దానికి జవాబు. ఆ పని మెదడు పై పొరది, అది బాగానే ఉంది. అందుకని వాళ్లు నేల మీద కాగితం ముక్కలు వరసగా పరిచి, ఒక్కోదాన్నీ దాటమన్నారు. రోగి గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మందు లేదు, ఆపరేషన్ లేదు. నాలుగు కాగితాలు.

లూరియా పునరావాస పద్ధతి విత్తనం ఇదే. చెడిపోయిన భాగాన్ని బాగుచేయడం కాదు, ఆ పనిని వేరే భాగాలకు అప్పగించడం.

ఆయన కాలంలో మెదడు గురించి రెండు వాదాలు ఉండేవి. మాట ఈ గదిలో, రాత ఆ గదిలో, లెక్క ఇంకో గదిలో ఉంటుందని కొందరు. కాదు, మెదడంతా ఒకే ముద్దలా పనిచేస్తుందని కొందరు. మొదటిది నిజమైతే గది కూలితే పని పోయినట్టే, ఇక ఆశ లేదు. రెండోది నిజమైతే ఎవరికి ఏ లోపం వస్తుందో చెప్పలేం. లూరియా రెండూ కాదన్నాడు. ఊపిరి తీసుకోవడాన్ని చూడండి అన్నాడు. మామూలుగా డయాఫ్రమ్ కదులుతుంది. అది పడిపోతే పక్కటెముకల మధ్య కండరాలు పనిని అందుకుంటాయి. లక్ష్యం ఒకటే, చేసే చేతులు మారతాయి. మాట, రాత, జ్ఞాపకం కూడా ఇంతే. ఒక్కో పనికి మెదడులో చాలాచోట్ల ఉన్న భాగాలు కలిసి ఒక జట్టుగా పనిచేస్తాయి. జట్టులో ఒకడు పడిపోతే ఆట ఆగుతుంది. కానీ జట్టును మళ్లీ అమర్చొచ్చు.

అమర్చాలంటే ముందు పడిపోయింది ఎవరో కచ్చితంగా తెలియాలి. ఇక్కడే లూరియాకు మార్కుల పరీక్షల మీద చిరాకు. ముగ్గురు రోగులు డిక్టేషన్‌లో సున్నా తెచ్చుకున్నారనుకోండి. స్కోరు ఒకటే. కారణం? మన తెలుగులో పెట్టి చూద్దాం. ఒకడు ‘పాట’ అంటే ‘బాట’ అని రాస్తాడు. అతనికి దగ్గరి శబ్దాల తేడా వినిపించడం లేదు. రెండోవాడు ఒక అక్షరం రాశాక చెయ్యి అక్కడే ఇరుక్కుని అదే అక్షరం మళ్లీమళ్లీ రాస్తుంటాడు. ఒక కదలిక నుంచి ఇంకో కదలికకు జారడం పోయింది. మూడోవాడు శబ్దం సరిగ్గా వింటాడు, చెయ్యి సాఫీగా కదులుతుంది, కానీ ఒత్తు ఎటువైపు రావాలో, కొమ్ము ఎటు తిరగాలో తెలియదు. ముగ్గురికీ ఒకే కోచింగ్ ఇస్తే ముగ్గురూ ఫెయిలే. కోడ్ రాసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రోగ్రామ్ ఆగిపోయిందన్న ముక్క ఎవరికీ పనికిరాదు, ఏ లైన్లో ఎలా ఆగిందో కావాలి. లూరియా తప్పుల్ని లెక్కపెట్టేవాడు కాదు, చదివేవాడు.

నాన్న తమ్ముడా, తమ్ముడి నాన్నా?

జసెత్‌స్కీకి తగిలిన చోట దెబ్బ తగిలితే ఒక వింత లోపం వస్తుంది. విడివిడి మాటలు అర్థమవుతాయి, వాటి మధ్య సంబంధం అర్థం కాదు. లూరియా అడిగే ప్రశ్న ఒకటి చాలా ప్రసిద్ధం: నాన్న తమ్ముడు, తమ్ముడి నాన్న — రెండూ ఒకటేనా? మీరు నవ్వుతారు. మొదటిది బాబాయి, రెండోది మన నాన్నే. కానీ ఆ తేడా తెలియాలంటే రెండు మాటల్ని మనసులో ఒకేసారి ఎదురెదురుగా నిలబెట్టాలి. పైన కింద, ముందు వెనక, కుడి ఎడమలను పోల్చుకునే భాగమే ఈ పనికీ కావాలి. అది పోయింది కాబట్టి జసెత్‌స్కీకి నాన్న తెలుసు, తమ్ముడు తెలుసు, బాబాయి మాత్రం దొరకడు. ఏనుగు పెద్దదా, ఈగ పెద్దదా అని అడిగినా వాక్యం మధ్యలో చిక్కుకుపోయేవాడు. ఒకప్పుడు ఇంజినీరింగ్ సూత్రాలు చదివిన బుర్ర అది.

అతనికి అక్షరాలు మళ్లీ నేర్పడం మొదలుపెట్టారు, చిన్నపిల్లలకు నేర్పినట్టు. ఒక్కో అక్షరాన్ని తెలిసిన మనిషి పేరుతోనో, వస్తువుతోనో ముడిపెట్టి గుర్తుపెట్టుకున్నాడు. ఫలానా అక్షరం కావాలంటే వర్ణమాల మొదటి నుంచి వల్లించుకుంటూ అక్కడిదాకా రావాలి. చదవడం నత్తనడక. రాయడం అంతకంటే ఘోరం. అక్షరం ఆకారం గుర్తొచ్చేసరికి మాట మరిచిపోతాడు.

అప్పుడు ఒక సలహా ఇచ్చారు. అక్షరం అక్షరంగా ఆలోచించకు, చెయ్యి ఎత్తకుండా మాట మొత్తం ఒక్క ఊపులో రాసెయ్యి. రాశాడు. మొదట వచ్చిన మాట ‘రక్తం’.

ఎలా సాధ్యమైంది? మీ ఫోన్ పాటర్న్ లాక్‌ను మాటల్లో చెప్పమంటే తడబడతారు. ఫోన్ చేతికిస్తే వేలు దానంతటదే గీసేస్తుంది. పాస్‌వర్డ్ కొందరికి బుర్రలో ఉండదు, వేళ్లలో ఉంటుంది. చదువుకున్న పెద్దవాళ్ల రాత కూడా అలాంటిదే. చిన్నప్పుడు ఒక్కో అక్షరాన్నీ చూస్తూ రాస్తాం, అలవాటయ్యాక అది చేతిలో ఒక పాటలా సాగిపోతుంది. జసెత్‌స్కీ మెదడులో ఆకారాలను చూసే భాగం పోయింది, కదలికల పాట పాడే భాగం మిగిలింది. ఆ దారిన రాత తిరిగొచ్చింది. చదవడం మాత్రం రాలేదు. తాను రాసిన వాక్యాన్ని తానే ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవాలి, చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు.

అయినా రాశాడు. ఆస్పత్రి నుంచి సొంత ఊరికి, అమ్మ దగ్గరికి, అక్కచెల్లెళ్ల దగ్గరికి వెళ్లాక కూడా రాశాడు. కట్టెలు కొట్టడం, మేకు దిగ్గొట్టడం చేతకాదు. వీధిలో దారి తప్పుతాడు. కొన్ని రోజులు రెండు మూడు వాక్యాలే, అర పేజీ వస్తే గొప్ప. అలా పాతికేళ్లు. మూడు వేల పేజీలు. తనకేమైందో తనకే అర్థం కావాలని, డాక్టర్లకు పనికిరావాలని. ఆ రాతకు తాను పెట్టుకున్న పేర్లలో ఒకదాని అర్థం, నేను పోరాడుతూనే ఉంటానని.

ఇక్కడ లూరియా గమనించిన ఒక విషయం నన్ను చాలాసేపు ఆపేసింది. జసెత్‌స్కీకి మెదడు ముందు భాగం, నుదుటి వెనక ఉండేది, దెబ్బతినలేదు. పథకం వేసేది, తప్పు చేస్తే గుర్తించేది, పట్టుదలగా నిలబడేది ఆ భాగమే. అందుకే ఏం పోగొట్టుకున్నాడో అతనికి పూర్తిగా తెలుసు, అందుకే పోరాడగలిగాడు. నుదుటి భాగం దెబ్బతిన్న రోగులు దీనికి తలకిందులు. చదువుతారు, మాట్లాడతారు, పరీక్షల్లో బాగానే కనిపిస్తారు, కానీ తమంతట తాము ఏదీ మొదలుపెట్టరు. బాధ కూడా ఉండదు. వీళ్లే కష్టమైన కేసులని లూరియా అభిప్రాయం.

అలాంటివాళ్లకూ కాగితాలు పరిచాడు. ఒక రోగి కథ చెప్పమంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయేవాడు. ‘అయితే’, ‘ఆ తర్వాత’, ‘ఎందుకంటే’, ‘అయినప్పటికీ’ లాంటి మాటలు రాసిన కార్డులు అతని ముందు పెట్టారు. కార్డు చూస్తాడు, తర్వాతి వాక్యం దొరుకుతుంది. ఇంకొకరికి ఆలోచనలు వరస లేకుండా వస్తాయి. ఒక్కోదాన్నీ ఒక్కో చీటీ మీద రాయించి, తర్వాత బల్ల మీద వరసలో పేర్పించారు. ముందు బల్ల మీద కార్డులు, కొన్నాళ్లకు వాటిని తీసేసి గొంతుతో, ఆ తర్వాత మనసులో. బయట నుంచి లోపలికి. వైగోట్‌స్కీ పిల్లల గురించి చెప్పిందే, ఇక్కడ సైనికుల మీద.

మళ్లీ గెంటేశారు

కిసెగచ్ అనుభవం పుస్తకాలైంది. దెబ్బ వల్ల మాట పోవడం మీద 1947లో ఒకటి, పోయిన సామర్థ్యాలను తిరిగి నిలబెట్టడం మీద 1948లో ఒకటి. ఇక పేరు, పదవులు రావాల్సిన సమయం. వచ్చింది వేరే. సోవియట్ సైన్స్ అంతా పావ్‌లోవ్ దారిలోనే నడవాలని పైనుంచి హుకుం, దానికి తోడు యూదు మేధావుల మీద అనుమానాల గాలి. 1950 ప్రాంతంలో న్యూరోసర్జరీ ఇన్‌స్టిట్యూట్ నుంచి లూరియాను తప్పించారు. తాను పెంచిన లేబొరేటరీ పోయింది.

మళ్లీ రంగం మారాడు. డిఫెక్టాలజీ ఇన్‌స్టిట్యూట్ అనే చోట మానసిక ఎదుగుదల ఆగిన పిల్లలతో పనిచేశాడు. మాట పిల్లల చేతలను ఎలా అదుపు చేస్తుందన్నది ఆ ఏళ్ల పని. స్టాలిన్ పోయాక 1950 దశకం చివర్లో న్యూరోసర్జరీకి తిరిగొచ్చాడు. అంతకు ముందే ఒక బాకీ తీర్చుకున్నాడు. మిత్రుడు పోయిన 22 ఏళ్లకు, 1956లో, వైగోట్‌స్కీ రచనలు మళ్లీ వెలుగు చూడటంలో ఆయన చెయ్యి పెద్దది.

1962లో వచ్చిన పెద్ద పుస్తకం, 1973లో వచ్చిన చిన్న పుస్తకం మెదడును మూడు భాగాల జట్టుగా చూపిస్తాయి. మెలకువను నిలిపేది ఒకటి, బయటి సమాచారాన్ని అందుకుని దాచేది ఒకటి, పథకం వేసి అమలును గమనించేది ఒకటి. విద్యార్థులు పరీక్షలకు చదివే లూరియా ఇదే. కానీ మీరు మొదలుపెడితే వీటితో మొదలుపెట్టకండి. సన్నటి పుస్తకాలు రెండున్నాయి. ఒకటి జసెత్‌స్కీ కథ, అతని డైరీతో కలిపి. రెండోది ఏదీ మరిచిపోలేని మనిషి కథ. షెరెషెవ్‌స్కీ అనే పత్రికా విలేకరి. ఎడిటర్ చెప్పింది నోట్ చేసుకోకుండా కూర్చున్నాడని తిడితే, మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పాడట. ఎడిటర్ నేరుగా సైకాలజీ ల్యాబ్‌కు పంపాడు. లూరియా అతన్ని దశాబ్దాల పాటు గమనించాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడు ఉద్యోగాలు మార్చి మార్చి చివరికి వేదికల మీద జ్ఞాపకశక్తి ప్రదర్శనలు ఇచ్చుకుంటూ బతికాడు. మరిచిపోలేకపోవడం కూడా జబ్బే అని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

లండన్‌లో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన డాక్టర్ ఆలివర్ శాక్స్ పేరు వినే ఉంటారు. రోగుల్ని కేసు నంబర్లుగా కాక మనుషులుగా రాయడం లూరియా దగ్గరే నేర్చుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. 1973 నుంచి ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. జసెత్‌స్కీ పూర్తిగా బాగుపడలేదు. కాలేజీకి తిరిగి వెళ్లలేదు. లూరియా ఆ సంగతి దాచలేదు. మోటివేషన్ వీడియోలకు అలవాటుపడ్డ మనకు ఇది కాస్త చేదుగా ఉంటుంది. ఒక దారి మూసుకుంటే తెరుచుకునే రెండోది ఇరుగ్గా ఉంటుంది, మలుపులు ఎక్కువ, ప్రతి రోజూ నడవాలి. పునరావాసం అంటే ఆ దారిని వెతకడం, నడిచేవాడి పక్కన ఏళ్ల తరబడి ఉండటం.

ఈ పని మన దగ్గర

ఇది చదివి ఈ రంగం వైపు మనసు లాగితే రెండు ముక్కలు. సైకియాట్రిస్టు వేరు, క్లినికల్ సైకాలజిస్టు వేరు. మొదటివారు ఎంబీబీఎస్ చదివి మందులు రాసే డాక్టర్లు. రెండోవారు సైకాలజీ చదివి పరీక్షలు, థెరపీ చేసేవారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చెయ్యాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, ఆ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి. కోర్సుల పేర్లు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరేముందు కౌన్సిల్ జాబితా చూసుకోండి. ఎవరో ఇచ్చే ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టకండి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ రంగంలో మనకు దగ్గర్లో ఉన్న పెద్ద సంస్థ. అక్కడి న్యూరోసైకాలజీ మీద లూరియా ప్రభావం ఉంది.

బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు ఐసీయూ నుంచి బయటపడితే చాలు, ఇంట్లో కొబ్బరికాయ కొడతాం. ఆర్నెల్ల తర్వాత వాడు చిరాకుపడుతుంటే, చెప్పింది మరిచిపోతుంటే, పని మొదలుపెట్టకపోతే బద్ధకం అంటాం. అది బద్ధకమో, నుదుటి వెనక గాయమో తేల్చే మనిషి చాలా జిల్లాల్లో దొరకడు. సైకాలజిస్టు ఒక్కరే కాదు, స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు అందరూ కలిస్తేనే ఈ పని జరుగుతుంది. మన కంప్యూటర్ సైన్స్ వాళ్లకూ చోటుంది. రోగి ముందు పరిచే ఆ కార్డులు ఇప్పుడు ఫోన్ యాప్‌లు కావచ్చు. కాకపోతే యాప్ రాసేముందు ముగ్గురి సున్నా మార్కుల కథ గుర్తుంచుకోవాలి.

లూరియా చివరి రోజుల దాకా మాస్కో స్టేట్ యూనివర్సిటీలో న్యూరోసైకాలజీ చెబుతూ, రోగుల్ని చూస్తూనే ఉన్నాడు. 1977 ఆగస్టులో గుండె జబ్బుతో చనిపోయాడు, 75 ఏళ్లకు. రబ్బరు బల్బు ప్రయోగాల పుస్తకం సంగతి చెప్తానన్నాను కదా. అది రష్యన్‌లో అచ్చయింది 2002లో. ఆయన చనిపోయిన పాతికేళ్లకు, న్యూయార్క్‌లో వచ్చిన 70 ఏళ్లకు.